వంటవాళ్ళ వరుస

"ఇవాళ కూడా పొయ్యి రాజెయ్యక్కర్లేదు, పడుకోవే," అన్నాడు కుక్కుటేశ్వరరావు కళ్ళు తెరవకుండానే.

కన్యక అప్పటికే లేచి జుట్టు ముడి వేసుకున్నది. పడుకొమ్మన్న మాటకు నిజానికి సంతోషించవలసినదే. ఆ ఇంట కాలుపెట్టిన తరువాత భర్త నోట ఆ మాట వినడం ఈ మాయదారి రోగం పుణ్యమా అనే జరిగింది. గోదావరికి వరద వచ్చి తీసింది. దాని వెనుకనే ఊళ్ళోకి కలరా దిగింది. రాజమహేంద్రవరంలో హోటళ్ళు, మెస్సులు, సోడాబళ్ళు, కల్లు దుకాణాలు, బ్రాందీ షాపులు, ఒక్కటేమిటి, జనం నోటికి అందించే వ్యాపారమన్నది ఏదైనా సరే మూసివేయవలసినదని మున్సిపాలిటీవారు టముకు వేయించారు. రేవుకు పోయే వీధిలోని వారి భోజన హోటలుకూ తాళం పడింది. చేతులకు మాత్రం ఆ సంగతి తెలియలేదు. తెల్లవారకముందే అవి పప్పు ఏరడానికి చాటకోసం తడుముకుంటూనే ఉన్నాయి.

ఆ హోటలు బోర్డుమీద 'బ్రాహ్మణ వంట' అని ఉన్నది. వ్రాయించిన నాడు అది నిజమే. సోమయాజులుగారు చేయి తిరిగిన వంటవాడు. ఆయన పేరు చెప్పుకొని కోర్టు గుమాస్తాలు, కాలేజీ మాస్టర్లు వచ్చి భోంచేసేవారు. ఒక వేసవిలో ఆయన కుడిచేతికి వణుకు పట్టుకున్నది. "ఆయన కుదుటపడేదాకా రెండ్రోజులు చెయ్యి వెయ్యవే," అన్నాడు భర్త. వేసింది. ఆయన చేయి కుదుటపడలేదు. ఆ రెండు రోజులు ఏళ్ళు గడిచినా పూర్తి కాలేదు. సోమయాజులుగారిని పంపివేయలేదు సరికదా, ఉతికిన పంచె కట్టుకొని, నుదుట విభూతితో, హాలు గుమ్మం పక్కన పీట వేసుకొని వచ్చేపోయేవారికి కనబడుతూ ఉండడమే ఆయన ఉద్యోగమైంది. వంటింటికీ హాలుకూ మధ్య గోడలో చిన్న కిటికీ ఒకటి. కన్యక గిన్నెను దాని గట్టుమీద పెట్టి చేయి వెనక్కు తీసుకున్న తరువాతనే వడ్డించేవాడు అందుకోవాలి. గాజుల చప్పుడు అవతలికి వినబడకుండా అత్తగారు బుజ్జమ్మ మొదటి వారంలోనే పాత చీర చింపి పీలికలు ఇచ్చింది.

"గాజులకి చుట్టుకోవే. షావుకారు పెళ్ళాం హోటల్లో వండుతోందని నలుగురికీ తెలిస్తే, పెనుగొండలో మీ అమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుంది?"

తల ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించవలసినవారు ఈ ఇంట్లోనే ఉన్నారని ఆనాడు కన్యకకు తోచలేదు. గాజులకు పీలికలు చుట్టుకున్నది.

ఆ ఉదయం ఆమె బల్లలు తుడిచే నెపంతో హాల్లోకి వెళ్ళి, తుడవకుండా ఒక బల్ల ముందు కూర్చున్నది. భోజనాల వేళ తానెన్నడూ చూడని గది అది. అయినా అందులో మనుషులందరూ ఆమెకు గొంతుల ద్వారా పరిచితులే. ఆ మూలన కూర్చునే దగ్గుగొంతు ఆయన మజ్జిగపులుసు రెండుమార్లు అడిగేవాడు. గోడవారగా కూర్చునే ఇంకొకాయనకు ఆవ పెట్టిన కంద బచ్చలి నోట పడితే చాలు, సన్నగా ఏదో రాగం తీసేవాడు. ఆ కూనిరాగం వినబడితే ఆవ పాళ్ళు కుదిరినట్టే. "అన్నపూర్ణమ్మవారు మీ చేతిలో కాపురం ఉందండి, సోమయాజులుగారూ!" అని ఎవరో పొగిడితే, ఆ ముసలాయన గొంతు సర్దుకొని, "ఆయ్, అంతా ఆ తల్లి దయండి," అనేవాడు. పొయ్యి ముందు నిలబడి కన్యక అది వినేది. ఆమె కోరిక మెప్పు కాదు. మెప్పు గోడలోంచి కూడా వస్తుంది. తన చేతి ముద్ద నోట పెట్టుకున్నప్పుడు ఒక్క మనిషి మొహమైనా ఎలా ఉంటుందో చూడాలని ఆమె కోరిక. భర్త పేపరు చదువుతూ తింటాడు. అత్తగారు ఉప్పు ఎక్కడ తగ్గిందో వెతుక్కుంటూ తింటుంది. తన మటుకు తాను తినడం, అందరివీ అయిన తరువాత, గిన్నె అడుగున మిగిలినది ఎండిపోకముందే ముగించవలసిన పనిగా మారింది. ఆ దగ్గుగొంతు ఆయన ఈ రోగంలో బతికి ఉన్నాడా? పేరు తెలియదు, ఊరు తెలియదు, ఎవరిని అడగడం? హోటలు మళ్ళీ తెరవాలని ఉన్నది. మళ్ళీ ఆ గోడ వెనుకకు పోవాలని లేదు. ఈ రెండు కోరికలూ ఒకే గుండెలో ఎలా ఇమిడాయో ఆమెకు బోధపడలేదు.

మధ్యాహ్నానికి కుక్కుటేశ్వరరావు మున్సిపల్ ఆఫీసునుంచి ఉత్సాహంగా వచ్చాడు.

"కౌన్సిలు ఒప్పుకుందే! మూసినన్నాళ్ళకీ లైసెన్సు ఫీజు మాఫీ. హోటలుకి ఇంతని సాయం, వంటవాళ్ళకీ సర్వర్లకీ వేరే భృతి. కల్లు దుకాణం గంగరాజుది ఒకటే గోల. 'కల్లు తాగినోడికి కలరా రాదండి, మమ్మల్నెందుకు మూశారండి, మూసినోళ్ళు మాకెందుకివ్వరండి' అంటాడు. ఛైర్మన్ గారికి నవ్వాగలేదు."

"వంటవాళ్ళ కింద ఎవర్ని రాశారు?" అని అడిగింది కన్యక.

"ఎవర్ని రాస్తాను? సోమయాజులుగార్ని. కలరా సూది వేయించుకున్న వంటవాడే పొయ్యి ముట్టించాలిట. ఆ పేరుతో కార్డు ఇస్తారు, హాల్లో గోడకి తగిలించాలి."

"మరి వండేదాన్ని, నాకు సూదో?"

"నీకెందుకే సూది? నువ్వు బయటికెళ్ళవుగా!"

"పొయ్యి దగ్గరుండేదానికి రోగమేంటి? పొగకే చస్తుంది పురుగు," అన్నది బుజ్జమ్మ ఒత్తులు చేసుకుంటూ.

కుక్కుటేశ్వరరావు గొంతు తగ్గించాడు. "చూడు, ఈ మాట బయటికి పొక్కిందా, తప్పు రాశానని సాయం ఆపేస్తారు. బోర్డు దించాలి. అప్పుడు వీధిలో మొహం ఎత్తుకోలేం. నోరు జాగ్రత్త."

కన్యక నోరు ఎప్పుడు జాగ్రత్తగా లేదు?

మరునాడు బావిలో బ్లీచింగ్ పౌడరు వేయించడానికి మున్సిపాలిటీ హెల్త్ విజిటరు ప్రసన్నకుమారి వచ్చింది. తెల్లచీర అంచునుంచి మోకాలిదాకా బురద. పని ముగించి, దొడ్డి మెట్టుమీద చతికిలబడింది.

"కాసిని మంచినీళ్ళిప్పిస్తారా అండి? కాచినవే సుమా. ఊళ్ళో హోటళ్ళన్నీ మేమే మూయించి, మాకే మెతుకు లేకుండా చేసుకున్నామండి."

"భోంచేస్తారా?" అన్నది కన్యక. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఆకులోనే పెట్టు, కంచం తియ్యకు," అని లోపలినుంచి బుజ్జమ్మ కేక వినబడింది.

"ఆకే రుచండి, మామ్మగారూ," అని ప్రసన్నకుమారి నవ్వింది. ఆ నవ్వులో ఎంత అలవాటు ఉన్నదో కన్యక గమనించింది. పీలికలు చుట్టుకున్న చేతులకు ఆ అలవాటు తెలుసు.

ఆ పూట కంద బచ్చలి. ప్రసన్నకుమారి మొదటి ముద్ద నోట పెట్టుకొని ఆగింది. కనుబొమలు నెమ్మదిగా విచ్చుకున్నాయి. అలసట నుదుటినుంచి చెంపలమీదుగా దిగిపోతూ ఉండడం కన్యకకు స్పష్టంగా కనబడింది. ఆపైన ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవ ఘాటేమో అనుకున్నది కన్యక.

"ఇది సోమయాజులుగారి చేతి కూర కదండీ? పోయినేడు మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇక్కణ్ణించే క్యారేజీ. ఏది పెట్టినా నోరు చేదనే మనిషి, ఈ వాసనకి లేచి కూర్చునేది. 'ఇది వండినాయన్ని ఓసారి చూడాలే' అనేది. తీసుకొస్తానమ్మా అనేదాన్ని. ఈలోపే పోయింది. ఆయన హోటల్లోనే కూర్చుంటారటగా, ఓ మాట చెప్పాలండి ఆయనకి."

కన్యక గొంతుదాకా వచ్చింది మాట. లోపల అత్తగారు దగ్గింది.

"అవునండీ," అన్నది. "ఆయన చేతి వంటే."

ప్రసన్నకుమారి ఆకు తానే తీసి పారవేసి, దండం పెట్టి వెళ్ళిపోయింది. కన్యక మెట్టుమీదనే కూర్చుండిపోయింది. గోడ ఇవతలినుంచి తానొక్కతే అటు చూడాలని తపించిపోతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నది. అవతలినుంచి, మంచానపడిన ఎవరో ఒక తల్లి, ఇటు చూడాలని తపించింది. చూడకుండానే వెళ్ళిపోయింది. ఆమె చూడదలచిన మొహాన్ని ఆమె కూతురి ఎదుటనే తాను దాచేసింది. భర్త దాచాడని, అత్త దాచిందని ఇన్నాళ్ళూ అనుకోవడానికి వీలుండేది. ఈ పూట దాచినది తానే. పైగా సూది లేని ఈ చేతులతోనే రేపు ఆ గొంతులన్నింటికీ అన్నం పంపాలట. ఒకవేళ రోగం ఈ వేళ్ళనుంచే వారికి సోకితే? అప్పుడైనా గోడమీద ఉండేది సోమయాజులుగారి పేరే. సాయం ఆగిపోతే ఇల్లు గడిచేదెలాగన్న భయం ఆమెకు లేకపోలేదు. ఆ భయం రాత్రంతా పక్కనే పడుకున్నది. తెల్లవారేసరికి మాత్రం దానికంటే పెద్దది ఒకటి ఆమెకంటే ముందు లేచి కూర్చున్నది.

టౌన్ హాల్లో సాయం పంచి, వంటవాళ్ళకు సూదులు వేసే రోజున కుక్కుటేశ్వరరావు సోమయాజులుగారిని రిక్షాలో ఎక్కించుకొని వెళ్ళాడు. కొంతసేపటికి కన్యక మంచి చీర కట్టుకొని గడపలోకి వచ్చింది.

"ఎక్కడికే?" అన్నది బుజ్జమ్మ.

"సూది వేయించుకొస్తాను, అత్తయ్యా."

"వాడికి తెలుసా?"

"అక్కడే ఉన్నారుగా. తెలుస్తుంది."

హాల్లో రెండు బల్లలు వేశారు. ఒకదాని ముందు యజమానులు, రెండవదాని ముందు వంటవాళ్ళు. రెండవ వరుసలో అందరూ మగవాళ్ళే. కండువాలు భుజాన వేసుకొని, చొక్కాచేతులు పైకి మడిచి, సూదికి జడుస్తూ ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. కన్యకను చూసి మాటలు ఆపారు. వరుస మొదట సోమయాజులుగారు నిలబడి ఉన్నారు. ఆమెను చూసి ఆయన, వణికే చేయిని రెండవ చేతితో పట్టుకొని, మోయలేని బిందెను దించినట్టు ఒక నిట్టూర్పు విడిచి, పక్కకు జరిగారు.

కుక్కుటేశ్వరరావు అటు బల్లనుంచి పరుగున వచ్చాడు. మొహం కందగడ్డలా ఉన్నది.

"ఏంటే ఇది? నలుగుర్లోనా? పద ఇంటికి. సాయం పోతుందే! నీకు పుణ్యముంటుంది, పద."

పుణ్యమనే మాట ఆయన తనతో అనడం అదే మొదలు. కన్యక కదలలేదు.

సూది పట్టుకొని ప్రసన్నకుమారి తల ఎత్తింది. సోమయాజులుగారిని చూసింది, కన్యకను చూసింది.

"మరి ఆవేళ ఆయన వంటన్నారండి?"

"ఆవేళ అబద్ధం చెప్పానండి. మీ అమ్మగారు చూడాలన్నది నన్ను."

ప్రసన్నకుమారి చేతిలో దూది అలాగే ఉండిపోయింది. ఆమె కన్యక మొహంలోకి చాలాసేపు, తల్లితో కలిపి ఇద్దరు మనుషులు చూడవలసినంతసేపు, చూసింది. తరువాత ఆమె చేయి అందుకొని స్పిరిటు రాసింది. సూది దిగినప్పుడు కన్యకకు నొప్పి తెలిసింది, తనదేనన్నంత స్పష్టంగా.

బల్ల వెనుక గుమాస్తా కలం సిరాలో ముంచి, తల ఎత్తకుండానే అడిగాడు.

"పేరు?"

"కన్యక."

"భర్త పేరు?"

"అది ఆ బల్ల దగ్గర యజమానుల్లో రాశారండి. నన్ను వంటవాళ్ళలో రాయండి."