ముత్తక్క అప్పగించిన తుపాకి

తుపాకి ఇంట్లోంచి పోవాలని ముత్తక్క ఏడాదిగా మొగుడి ప్రాణం తోడేస్తోంది. ఊరికే కాదు. నిరుడు జొన్నచేనికి కావలి ఉన్న ఆమె తమ్ముడు గోపాలును అడవిపంది అనుకుని పక్కచేనివాడు కాల్చేశాడు. అప్పటినుంచి చూరులోని నాటు తుపాకి కంటబడితే ఆమెకు అన్నం సయించదు.

"చేన్ల పడొద్దని పందులకు నువ్వు చెప్పొస్తవా?" అని మొగుడు దూలయ్య ఎగతాళి చేసేవాడు. అదీ నిజమే, ఒక్క రాత్రి ఏమరితే ఏడాది తిండి పోతుంది. పినపాక అడవి అంచున ఉన్న ఆ గూడెంలో ఏడు తుపాకులున్నాయి. ఒక్కదానికీ లైసెన్సు లేదు.

ఎనభై నాలుగులో పోలీసులు సంతలో చాటింపు వేయించారు. వచ్చే సంతలోగా అప్పగిస్తే కేసుండదట. గూడెం మగవాళ్లు కూర్చుని వాదించుకున్నారు. తుపాకి లేకపోతే పంట ఎట్లా దక్కుతుందన్నారు కొందరు, ఉంటే మనుషులెట్లా దక్కుతారన్నారు ఒకరిద్దరు. పెద్దమనిషి జంపయ్య ఇచ్చేది లేదని తేల్చేశాడు. దూలయ్య మాత్రం ఇంటికొచ్చి, "గోపాలు తీరు ఇంకొకడు పోవద్దు. ఇచ్చేద్దం తియ్" అన్నాడు. ఆ పూట ముత్తక్క కడుపునిండా తిన్నది.

ఆ గూడెంలో ఆడవాళ్లు తుపాకి ముట్టరు. ముట్టుకుంటే వేట పడదట. అందుకే దాని మర్మాలేవీ వాళ్లకెవరూ చెప్పలేదు. మందు కూరి ఉంటే గొట్టం మూతికి గుడ్డ కడతారని, గుడ్డ లేకపోతే ఖాళీ అని మగవాళ్లకే తెలుసు. తనది చెడిపోయిందని ఆ వారం కావలికి దూలయ్య తుపాకి అడిగి తీసుకుపోయిన జంపయ్య, కూరిన మందు కూరినట్టే ఉంచి, గుడ్డ కట్టి, తెచ్చి చూరులో పెట్టిపోయాడు.

సంత రోజు పొద్దున ముత్తక్క దాన్ని మొదటిసారి ముట్టుకుంది. సర్కారోళ్ల ముందు మసితో పెడితే నామోషీ కదా. మాసిన గుడ్డ ఊడదీసి విడిచిన బట్టల్లో వేసి, గొట్టమంతా తళతళలాడేలా తుడిచింది. ఎంత సంబరంగా తుడిచిందో, పిచ్చిది.

దూలయ్య నీళ్లు పోసుకుని వచ్చాడు. గుడ్డ లేదు కాబట్టి ఖాళీయే అనుకున్నాడు. అయినా అలవాటుకొద్దీ, గాలి దూరిపోతే ఖాళీ అని తేలుతుంది కనుక గొట్టంలో ఊది చూద్దామని మూతి దగ్గరికి వంగి, తుపాకి మడమను గడపరాతి మీద మోపాడు. ఆ అదురుకే అది పేలింది. ముత్తక్క చూస్తుండగానే మనిషి కూలిపోయాడు.

"ఆడది ముట్టబట్టే గిట్లయింది," అన్నాడు జంపయ్య శవం దగ్గర. మందు కూరి పెట్టింది తానేనన్న మాట ఎత్తలేదు. తలలూపినవాళ్లంతా ఇళ్లకు పోయి తమ తుపాకులను ఇంకా లోపలికి దాచుకున్నారు. ఏ చావు చూసి ఇచ్చేయాలో ఆ చావే వాళ్లకు సాకయింది. మొగుడు పోయినందుకు ఏడ్చినదానికంటే ముత్తక్క దానికే ఎక్కువ ఏడ్చింది.

దినాలు కాగానే తుపాకి భుజాన వేసుకుని ఒక్కతే ఠాణాకు నడిచింది. గడువు దాటింది, కేసవుతుందని భయపెడితే కానిమ్మంది. జవాను తుపాకి అందుకుంటూ, లోపల మందుందా అని అడిగాడు.

"ఇప్పుడు లేదు సారూ. ఉన్నదంతా నా మొగనికి తగిలింది," అంది. "మా గూడెంల ఇంకా ఆరున్నయి. ఎవలింట్ల ఉన్నయో చెప్త, రాసుకోండ్రి."

ముందు జంపయ్య పేరు చెప్పింది. ఇక ఆ గూడెంలో తనకు ఎవరూ మంచినీళ్లు కూడా పోయరని ఆమెకు తెలుసు. ఆరు పేర్లూ చెప్పింది.