వదులు అన్నదెవరు

మార్చి పధ్నాలుగో తారీఖు. ఫుట్‌బాల్ ఆట ఉద్యోగమైన మొదటి రోజు అది. ఆ ఉదయం అతను రెండు ఉడికించిన గుడ్లూ, ఉప్పు చల్లిన బంగాళదుంప ముక్కలూ తిన్నాడు. మధ్యాహ్నం గోలు పడింది. అది గుడ్ల మహిమో కాలి మహిమో తేల్చుకునే ధైర్యం లేక, ఆట ఉన్న ప్రతి ఉదయం ఇన్నేళ్లుగా అవే తింటూ వస్తున్నాడు. ఊళ్లు మారాయి, గిన్నెలు మారాయి, నీళ్ల రుచి మారింది. గుడ్లు మాత్రం ఎక్కడైనా గుడ్లే.

ఈ ఉదయం కూడా వంటింటి గట్టు దగ్గర నిలబడి గుడ్డు పెంకు వలుస్తున్నాడు. చెంచా కోసం ఎడమవైపు సొరుగు లాగాడు. అందులో కొవ్వొత్తులూ, దారపు ఉండా కనిపించాయి.

"చెంచాలు కుడివైపు," అంది భార్య వెనక్కి తిరగకుండానే.

"తెలుసు."

"తెలిసే లాగారా?"

ఎడమవైపు చెంచాలున్నది ఇంతకుముందు ఇంట్లోనో, దానికి ముందు ఇంట్లోనో. తలుపులు, కుళాయిలు, మెట్లు అన్నీ అతనికి ఇలాగే కలిసిపోతుంటాయి. చీకట్లో లేస్తే గోడ ఏ పక్కనుందో తెలియదు. ఒక ఊళ్లో నుదురు పగలగొట్టుకున్నాక ఆమె ఒక పని మొదలుపెట్టింది. అతను మడమలకు చుట్టుకునే తెల్ల టేపును సంచిలోంచి తీసి, చిన్న ముక్క చించి, స్నానాల గది లైటు స్విచ్చు మీద అంటిస్తుంది. కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించేముందే ఆ పని. నిద్రమత్తులో తడుముకునే వేళ్లకి ఆ గరుకు తగిలితే చాలు, అతనికి ఊరు గుర్తుకొస్తుంది. ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తదు. అతనూ ఎత్తలేదు.

కూతురు ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోదాన్ని చేత్తో పట్టుకుని వచ్చింది.

"నాన్నా, ఇవాళ గోలు కొడుతున్నావు కదా?"

"చూద్దాం."

"చూద్దాం కాదు. దానికి చెప్పేశా, మేం ఇక్కడే ఉండిపోతామని."

'అది' అంటే వెనక వీధి పిల్ల. ఇద్దరూ పొద్దున కొట్టుకుని సాయంత్రానికి ఒకే కంచంలో తింటారు. కూతురికి ఇంతకాలం నిలిచిన స్నేహితురాలు ఇదే మొదటిది. ఇదివరకు పుస్తకాల అట్టల మీద బడి పేరు పెన్సిల్‌తో రాసుకునేది, చెరపడానికి వీలుగా. ఈసారి పెన్నుతో రాసుకుంది. అది చూసిన రోజు భార్య అతన్ని ఒకే ఒక్క మాట అడిగింది. "ఈ ఊళ్లో ఉండిపోలేమా?"

ఉండిపోవడం అతని చేతుల్లో లేదు. అతను ఈ క్లబ్బు మనిషి కాడు. ఎక్కడో ఉన్న పెద్ద క్లబ్బు అతన్ని కొనుక్కుని, తన మైదానంలో ఒక్క ఆటైనా ఆడించకుండా, ఊరూరికీ అరువిస్తూ వచ్చింది. అతను అక్కడికి వెళ్లింది ఒకేసారి, సంతకం పెట్టడానికీ ఫొటో దిగడానికీ. ఆ గేటు ఏ రంగో కూడా గుర్తులేదు. ఆ ఒప్పందమూ ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఇక్కడి కోచ్ మొన్న పక్కకు పిలిచి, "నిన్ను సొంతం చేసుకుందామంటే మా పైవాళ్లు వయసు చూపిస్తున్నారు. ఆఖరి ఆటలో ఒక్క గోలు చూపించు. మిగతా గొడవ నేను పడతా," అన్నాడు.

చెంచా కుడివైపు సొరుగులో దొరికింది.

*

డ్రెస్సింగ్ గదిలో గోడ పొడవునా కొక్కేలు. ప్రతి కొక్కెం పైనా రంగు వేసిన చెక్క పలక, పలక మీద ఆటగాడి పేరు. తలుపు పక్కనున్న చివరి కొక్కేనికి మాత్రం పలక లేదు. అరువు ఆటగాళ్లకి పలకలు చేయించరు. అతను వచ్చిన రోజున ఎడమ పక్క పరిగెత్తే కుర్రాడు, వాణ్ణి అందరూ గాలిపటం అంటారు, తెల్ల టేపు ముక్క ఒకటి గోడకు అంటించి, దాని మీద మార్కరుతో 'అరువు' అని రాశాడు. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ రోజునుంచి అదే పేరు. వయసులో చిన్నవాళ్లు గౌరవంగా 'అరువన్నా' అంటారు.

"అరువన్నా, గుడ్లు తిన్నావా?" గాలిపటం అడిగాడు.

"తిన్నా."

"అయితే మనం గెలిచాం. పదండి ఇళ్లకి."

బట్టలు చూసే పెద్దాయన ఉతికిన జెర్సీ అతని ఒళ్లో పెట్టి, మెడ దగ్గర కుట్టు ఊడినచోట వేసిన కొత్త కుట్టు వేలితో చూపించాడు. ఆయన తక్కువ మాట్లాడతాడు. అతను దాన్ని కళ్లకు అద్దుకున్నట్టుగా చూసి తొడుక్కున్నాడు.

అతనికున్న కాస్త పేరు కొట్టిన గోల్స్ వల్ల వచ్చింది కాదు, వదిలిన బంతుల వల్ల వచ్చింది. బంతి తనవైపు వస్తుంటే కొట్టబోతున్నట్టు ఒళ్లు వంచి, తాకకుండా కాళ్ల మధ్యనుంచి పోనిస్తాడు. అవతలివాళ్లంతా అతని మీద పడతారు. వెనకున్న మనవాడు తీరిగ్గా గోలు కొట్టుకుంటాడు. దానికి కావలసిందల్లా వెనకనుంచి వదలమని ఒక్క కేక. సముద్రపు గాలి ఈడ్చికొట్టే ఒక ఊళ్లో దానికి ఈల వేసేవారు. మంచులో ఆడే ఊళ్లో ఒక మాట ఉండేది. ఆ మాటకే ఇంకో దేశంలో 'కొట్టు' అని అర్థం. అక్కడికి వెళ్లిన మొదటి నెల అతను కొట్టాల్సినవి వదిలి, వదలాల్సినవి కొట్టి, జనం చేత శాపనార్థాలు పెట్టించుకున్నాడు. ఆ శాపనార్థాలు కూడా అర్థంకాక చేయి ఊపాడు.

ఇక్కడి పద్ధతి కోచ్ మొదటి వారంలోనే చెప్పాడు. "వదులు అని ఎవడైనా అరవగలడు. అవతలివాడూ అరవగలడు. మన దగ్గర పేరు పెట్టి పిలవాలి. పేరు లేకుండా దేవుడు చెప్పినా వదలొద్దు."

*

ఆట సగం దాటాక సన్నగా వాన మొదలైంది. అవతలి జట్టు గోలు వెనక, ఇనుప కమ్మీల అవతల ఆటగాళ్ల కుటుంబాలు కూర్చునే చిన్న మెట్ల వరసలో గొడుగులు విచ్చుకున్నాయి. రెండు జట్లకీ ఇంకా గోలు లేదు. అతని కుడి మోకాలు తడికి బిగుసుకుంటోంది.

ఎడమవైపున గాలిపటం ఒకడిని దాటాడు. ఇంకొకడిని దాటాడు. బంతిని నేలబారుగా గోలు ముందుకు తోశాడు. దానికి అడ్డం వెళ్లబోయిన అవతలి గోల్‌కీపర్ జారి, తడి గడ్డి మీద కూర్చుండిపోయాడు. ఇక గోలు ముందు ఎవరూ లేరు. బంతి అతని కుడికాలి దగ్గరికి, అడిగి తెప్పించుకున్నట్టుగా వస్తోంది. కాలు అడ్డం పెడితే చాలు. ఈ ఊరు, ఆ బడి, పెన్నుతో రాసిన ఆ అట్టలు, అన్నీ ఆ బంతి వెంటే వస్తున్నాయి.

"వదులు!"

సన్నటి, స్పష్టమైన కేక. అతను ఆలోచించేలోపే కాళ్లు విన్నాయి. బంతి ఆ కాళ్ల మధ్యనుంచి, ఇంటిదారి తెలిసిన దూడలా తాపీగా వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. బంతి గోలుకి దూరంగా దొర్లి దొర్లి పక్క గీత దాటి, నీటిమడుగులో ఆగింది.

మైదానమంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. తరవాత ఎవరో నవ్వారు. నాలుగు అడుగుల దూరంలో అవతలి జట్టు డిఫెండర్ కూడా కాలు గాల్లో పెట్టి నిలబడిపోయి ఉన్నాడు.

"నువ్వేనా అరిచింది?"

"నేనెందుకు అరుస్తానన్నా? నేనూ విన్నా. నాకే అనుకుని ఆగిపోయా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆట గోల్స్ లేకుండానే ముగిసింది.

*

"పళ్లెంలో పెట్టి ఇచ్చా కదన్నా!" గాలిపటం బూటు విప్పి నేలకేసి కొట్టాడు. "పళ్లెంలో!"

"వదులు అన్నార్రా."

"ఎవరన్నారు?"

"అదే అడుగుతున్నా."

"నా వైపు చూడకండి," అన్నాడు వీళ్ల గోల్‌కీపర్. "నేను ఆ చివరనుంచి అరిస్తే ఈ చివర వినపడిందంటే, నన్ను ఆటలోంచి తీసి రైల్వే స్టేషన్‌లో పెట్టాలి."

అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో దారి తప్పింది. ఆ గొంతు ఎక్కడిది? ఇన్ని మైదానాల్లో విన్న గొంతుల్లో ఏదో ఒకటి చెవిలో మిగిలిపోయి, ఇవాళ బయటపడిందా? మరి ఆ డిఫెండర్ కూడా విన్నాడే. విన్నానని తనని ఓదార్చడానికి అన్నాడా? అవతలి జట్టువాడు ఓదార్చడమేమిటి?

అందరూ స్నానాలకి వెళ్లాక కోచ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పేరు పెట్టి పిలిచారా?"

"లేదు సార్."

"మరి?"

కోచ్ అతని భుజం మీద చెయ్యి వేసి, తీయడం మరచిపోయినట్టు అలాగే ఉంచాడు.

"పైవాళ్లు ఇక నా మాట వినరు. నిన్ను ఆ పెద్ద క్లబ్బుకి తిరిగి అప్పగించాలి. పేరుకే అనుకో, ఒప్పందం ఎలాగూ అయిపోతోంది. మంచివాడివయ్యా. ఎవరేం చెప్పినా వింటావు, అదే చిక్కు."

*

బయట వరండాలో భార్య నిలబడి ఉంది. జేబురుమాలు తీసి అతని మెడ వెనక తడి తుడిచింది.

"అయిపోయింది," అన్నాడు. "ఎవరో వదులు అన్నారు. నిజంగా అన్నారు. నువ్వు విన్నావా?"

ఆమె నోరు తెరిచేలోపే కూతురూ, వెనక వీధి పిల్లా పరిగెత్తుకొచ్చారు. కూతురి చేతిలో గొడుగు, దానికి ఒక పుల్ల వంగి కొంగమెడలా వేలాడుతోంది.

"నాన్నా, దీన్నేమైనా అను! నా గొడుగు లాగేసుకుంది. సరిగ్గా నీ దగ్గరికి బంతి వస్తున్నప్పుడే! నాకేం కనపడలేదు. వదులు అని ఎంత గట్టిగా అరిచానో!"

"నా చెవిలో అరిచింది అంకుల్," వెనక వీధి పిల్ల చెవి మూసుకుని చూపించింది. "ఇంకా గుయ్యిమంటోంది."

భార్య చెయ్యి నోటిమీదికి వెళ్లింది. అతను ఆమెకేసి చూసి, తల అడ్డంగా, ఎవరికీ తెలియనంత కొంచెం ఊపాడు. తరవాత మోకాలు కలుక్కుమంటుంటే మెల్లగా కింద కూర్చుని, సంచిలోంచి టేపు తీసి, వంగిన పుల్లను సరిచేసి చుట్టసాగాడు.

"వదిలిందా మరి?"

"ఎక్కడ వదిలింది! ఇద్దరం కింద పడ్డాం." పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. కూతురు అతని భుజం మీద గెడ్డం ఆనించింది. "గోలు అయిందా నాన్నా?"

"కాలేదమ్మా."

"ఎందుకు?"

"జారింది. వాన కదా."

అప్పుడే ఫోను మోగింది. క్లబ్బులు కుదిర్చే ఏజెంటు. అతను డీలాపడిన రోజునే ఈయన హుషారుగా ఉంటాడు.

"విన్నాలే, బాధపడకు. ఒక ఊరు చూశా. దూరమే, కానీ మంచి ఎండ. నీ మోకాలికి మందు. ఒక్క సీజన్. ఏమంటావు?"

"అక్కడ వదలమనడానికి ఏమంటారు?"

"ఏంటీ?"

వరండాలో వాన పడకపోయినా పిల్లలిద్దరూ బాగైన గొడుగు కింద తలలు ఆనించుకుని నిలబడ్డారు. ఎవరు పిలిచారో ఇప్పుడు తెలిసింది. పిలుపు తనకి కాదనీ తెలిసింది. అయినా కాళ్లు విన్నాయి. విన్నది తప్పో ఒప్పో మాత్రం ఎంత ఆలోచించినా తేలడంలేదు.

"వద్దండి," అన్నాడు.

"ఆ ఊరు వద్దా? ఇంకోటి చూస్తా."

"ఊళ్లే వద్దండి. చాలు."

ఫోను జేబులో పెట్టుకున్నాక, అన్నది తనేనా అని ఒకసారి చుట్టూ చూశాడు.

"ఏమన్నారు?" అంది భార్య.

"వద్దన్నారు."

"వాళ్లు వద్దన్నారా, మీరు వద్దన్నారా?"

"నేనే అనుకుంటా."

ఆమె కళ్లలో నీళ్లు నిండాయి, అవి దేనికో ఆమెకీ తెలిసినట్టు లేదు. "మరి రేపట్నుంచి ఏం చేస్తారు?"

"తెలీదు. గుడ్లు మాత్రం తినను."

ఆమె నవ్వింది. సంచి ఒక పిడి అతనూ, ఇంకో పిడి ఆమే పట్టుకున్నారు. పిల్లలు ముందు నడిచారు. గేటు దగ్గర అతను అలవాటుగా ఎడమకి తిరిగాడు. "ఇల్లు కుడివైపు నాన్నా," అని కూతురు అరిచింది. అతను కుడికి తిరిగాడు.

చీకటి పడుతోంది. బట్టలు చూసే పెద్దాయన తడి జెర్సీలు పోగుచేసి, నేల తుడిచి, కొక్కేల వరసంతా ఒకసారి చూసుకున్నాడు. చివరి కొక్కెం దగ్గర ఆగి, కొత్తవాడికి చోటు చేద్దామని టేపు మూల గోటితో లేపాడు. అది కొంచెం లేచి, ఇక రానంది. ఆయన ఒక నిమిషం దానికేసి చూశాడు. లేచిన మూలని బొటనవేలితో మళ్లీ గోడకు అదిమి, లైటు తీసేసి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.

లోపల, ఖాళీ కొక్కెం పైన, ఆ తెల్ల టేపు ముక్క చెమ్మగోడని పట్టుకునే ఉంది.