పుల్లాకు పేరు

వసారాలో చీర ఊయల ఊగుతోంది. అందులో బిడ్డ లేదు.

క్రోసూరు పక్కన ఒక పల్లె. మిట్టమధ్యాహ్నం. దండెం మీద పొత్తిగుడ్డలు ఇంకా తడిగా ఉన్నాయి. అయినా గడపలో కూర్చున్న కోటేశ్వరమ్మ, "మా ఇంట్లో పిల్లల్లేరు" అని ఖరాఖండిగా చెప్పింది. పక్కనే తల దించుకుని నిలబడ్డ కోడలు ప్రత్యూష రవిక పాలతో తడిసి ఉంది.

ఆశా కార్యకర్త తస్లీమ్, తనతో వచ్చిన డాక్టరమ్మ చెవిలో గొణిగింది. "ముందిద్దరు పోయారు మేడమ్, బేదులతోనే. మూడోదాన్ని పుట్టింట్లో కని తెచ్చుకుంది. రిజిస్టర్లో రాయనివ్వరు. రాస్తే కనబడుద్దంట."

"ఎవరికి?"

"తీసుకుపోయేదానికి" అంటూ తస్లీమ్ లోపలి చీకటి వైపు చూసింది.

ఆ డాక్టరమ్మ ముప్పై ఏళ్ళు దేశాలు పట్టి తిరిగిన పిల్లల వైద్యురాలు. బంగ్లాదేశ్ వరదల్లో, ఇథియోపియా కరువులో తల్లుల పక్కన కూర్చుని బిడ్డకు చెంచాతో నీళ్ళు పట్టడం నేర్పింది. రిటైరై సత్తెనపల్లి చేరినా కాలు నిలవక పల్లెలు తిరుగుతోంది. ఎన్ని చూసినా, ఉన్న బిడ్డను లేదనే ఇంటి ముందు ఆమెకు ఒళ్ళు జలదరించింది.

లోపల ఏదో మూలిగింది. ఏడవడానికి ఓపిక లేని మూలుగు అది. ఆమె గడప వైపు కదిలింది. కోటేశ్వరమ్మ లేచి అడ్డం నిలబడింది.

"నీ పేరేందమ్మా?"

"పుల్లమ్మ."

కోటేశ్వరమ్మ చేతులు జారిపోయాయి. పిల్లలు దక్కని తల్లి, పుట్టిన బిడ్డను తిని పారేసిన పుల్లాకుల మీద పడుకోబెట్టి ఆ పేరే పెడితే, పనికిరానిదని చావు వదిలేస్తుందని అక్కడి నమ్మకం.

"నీకు ముందెంతమంది పోయారు?"

"ముగ్గురు."

"చూశావా, పేరే కాసింది నిన్ను. మేమూ అదే చేశాం" అంటూ కోటేశ్వరమ్మ దారి ఇచ్చింది.

మూలన తిరగేసిన చేట. దాని వెనక, ఎంగిలి విస్తళ్ళ మీద నాలుగు నెలల ఆడపిల్ల. కళ్ళు లోతుకు పోయాయి, నడినెత్తి గుంట పడింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలిచింది.

"నీళ్ళు పట్టారా?"

"పోస్తే బేదులు ఇంకా ఎక్కువైతాయని నిన్నట్నించీ ఆపా" అంది కోటేశ్వరమ్మ. " పాలు కూడా. ముందిద్దరికీ ఇట్టాగే పథ్యం చేశా."

ఈ ఇంట్లో పిల్లల్ని తీసుకుపోతున్నదేదో పుల్లమ్మకు తెలిసిపోయింది.

తస్లీమ్ 108కి ఫోన్ చేసింది. పుల్లమ్మ ఓఆర్ఎస్ కలిపి, బండి వచ్చేదాకా, బండిలోనూ చెంచా చెంచాగా పట్టింది. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. సాయంత్రానికి పిల్ల ఏడ్చింది, ఈసారి కన్నీళ్ళతో.

బేదులతో పోయిన నీళ్ళు తిరిగి పట్టకపోవడం వల్లే ముందిద్దరూ పోయారని పుల్లమ్మ చెప్పింది.

"ఆ పేరు నిన్ను కాయలేదా మరి?" వెంట వచ్చిన కోటేశ్వరమ్మ నెమ్మదిగా అడిగింది.

"నాకూ బేదులైనయ్ వదినా. పుల్లాకు పిల్లకి పథ్యమేందని మా అమ్మ ఎప్పుడడిగితే అప్పుడు గంజినీళ్ళు పోసింది. నా ముందు పోయిన ముగ్గురికీ బంగారంలా పథ్యం చేసింది."

కోటేశ్వరమ్మ, "పెద్దోడు తడిగుడ్డ చీకేవాడమ్మా. నేనే లాగేశా" అని భోరుమంది.

పుల్లమ్మ ఆమె చేయి పట్టుకుంది. "తెలియక చేశావు. ఇప్పుడు తెలిసింది కదా, నలుగురికీ చెప్పు. చావుకి పేర్లతో పనిలేదు వదినా. బేదులైన బిడ్డకి పాలు, నీళ్ళు ఆపిన ప్రతి ఇంటికీ అది మనం పిలిస్తేనే వస్తది."