వెనక సీట్ల అధ్యక్షురాలు

నేను ఒక టూరిస్టు బస్సును. కరీంనగర్ షెడ్డులో నాకు బాడీ కట్టారు. మొదటి ఓనరు పెళ్లిళ్లకూ, వేములవాడ మొక్కులకూ తిప్పాడు. రెండో ఓనరు చేతిలో క్యాంపు బండినయ్యాను. గెలిచిన సభ్యులు అవతలి పార్టీలోకి దూకకుండా, అధ్యక్ష ఎన్నిక అయ్యేదాకా ఊళ్లు తిప్పుతూ కాపలా కాయడాన్నే క్యాంపు అంటారు. పెళ్లివాళ్లు నాలో వాంతులు చేసుకున్నారు గానీ, ఒకరికొకరు కాపలా మాత్రం కాయలేదు.

ఆ ఏడాది మండల పరిషత్ సభ్యుల ఎన్నికలు, వాటి వెంటే అధ్యక్ష పదవికి పోటీ వచ్చాయి. గొడుగు పార్టీకి ఏడుగురు, గంట పార్టీకి ఆరుగురు గెలిచారు. పదవి మహిళకు రిజర్వయింది. గొడుగు నాయకుడు చొక్కారెడ్డి తన భార్య సులోచన పేరు ఖాయం చేసి, తన ఏడుగురినీ నాలో ఎక్కించాడు. అందులో సులోచనతో కలిపి నలుగురు ఆడవాళ్లు. వాళ్లు వెనక సీట్లలో, మొగుళ్లు ముందు సీట్లలో కూర్చున్నారు. ఊళ్లలో ఎంపీటీసీ అని పిలిపించుకునేది ఈ మొగుళ్లే. కాబట్టి చొక్కారెడ్డి సెల్‌ఫోన్లు లాక్కున్నదీ వాళ్లవే, బిర్యానీతో బుజ్జగించిందీ వాళ్లనే. ఓటుకు ఎత్తాల్సిన చేతులు వెనక ఉన్నాయని ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

వెనక సీట్లో పోశవ్వ ఉంది. ఆమె ఊరికీ బడికీ మధ్య వాగు. అంతకు ముందేడు అది దాటుతూ ఒక పిల్ల కొట్టుకుపోయింది. వంతెన కట్టిస్తానని చెప్పి పోశవ్వ గెలిచింది. సాగర్ దారిలో ఆ మాటే అడిగితే చొక్కారెడ్డి నవ్వి, నీ భర్త కనకయ్యతో మాట్లాడతాలే అన్నాడు. కనకయ్యేమో టీ కోసం ఆగినచోట గంట పార్టీ మనిషితో బేరం కుదుర్చుకున్నాడు. భార్య చెయ్యి అటు లేస్తుంది, ఇసుక కాంట్రాక్టు ఇటు వస్తుంది. ముందు సీట్లలో పార్టీలు నా గేర్ల కంటే ఎక్కువసార్లు మారాయి. వెనక మాత్రం వాగు మాటే నడిచింది. ఆ పిల్ల కథ విని సులోచన ఏడ్చింది. నాకూ చాలా బాధేసింది.

ఎన్నిక రోజు నన్ను మండలాఫీసు కిటికీ పక్కనే నిలబెట్టారు. అధికారి సులోచన పేరు చదవగానే ఆమె లేచింది.

"నాకద్దు సారూ. పోశవ్వను పెట్టుండ్రి."

వెనక సీట్ల చేతులు నాలుగూ లేచాయి. చొక్కారెడ్డి పరువు పోతోందన్న సంబరంలో గంట పార్టీ చేతులు ఆరూ లేచాయి. ఫలానావాళ్లకే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, అదే విప్, సులోచన పేరు మీదే ఉంది. ఆమే వద్దన్నాక ఎవరిని బెదిరిస్తారు?

బయట దండలు మాత్రం కనకయ్య మెడలో పడ్డాయి. ఇది మా విజయమేనని చొక్కారెడ్డి ప్రకటించాడు. గంట పార్టీ వాళ్లూ అదే ప్రకటించారు. ఊరేగింపుకి అందరూ నాలో ఎక్కి, మగవాళ్లు అలవాటుగా ముందు సీట్లే పట్టారు. పోశవ్వ మాత్రం మా డ్రైవర్ గఫార్‌తో తన ఊరికి తోలమంది. వాన పడి వాగు పారుతోంది. నేను ఒడ్డునే ఆగిపోయాను. ఆమె చెప్పులు చేతబట్టి దిగింది.

"దిగుండ్రి పటేలా. అవతల జనం సూస్తున్నరు."

జనం చూస్తుంటే దిగక తప్పుతుందా? ఇస్త్రీ ఖద్దరు నడుముదాకా తడిసింది. నడిమధ్యలో చొక్కారెడ్డి జారితే, బడి నుంచి వస్తున్న పిల్లలు చెయ్యి అందించారు.

ఏడాది తిరిగేసరికి వంతెన కట్టారు. ఆ తర్వాత నేను తుక్కు షెడ్డుకు చేరాను. మొన్న గఫార్ చూడ్డానికి వచ్చాడు. వంతెన రాతిపలక మీద చొక్కారెడ్డి, కనకయ్యల పేర్లే ఉన్నాయట. అడిగితే పోశవ్వ ఇలా అందట:

"ఉండనీ తమ్మీ. పిల్లలు ఆ రాయి మీదికెల్లి పోతలేరు గద, వంతెన మీదికెల్లి పోతున్నరు."