రెండో చెంప

గడ్డం గీయించుకోవడానికొచ్చిన బేరం చుబుకం కింద నురుగు తుడిచి, వెన్నచెయ్యి కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ లాగాడు. వెన్నచెయ్యి అతని అసలు పేరు కాదు. అతని కుర్చీలో గడ్డం గీయించుకుంటూ నిద్రపోయినవాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు.

కుర్చీలోని మనిషి బుగ్గ నిమురుకుని, “మీ నాన్నది రాజభోగమయ్యా. ఇంట్లోనే ఇలాంటి చెయ్యి,” అన్నాడు.

“నాన్నకి నర్సు గీస్తుందిలెండి.”

ఆ ముక్క అన్నప్పుడల్లా కత్తిని తోలుపట్టీ మీద ఇంకో రెండుసార్లు లాగుతాడతను.

ఈ దుకాణం నాన్నదే. పని నేర్పిందీ ఆయనే. అందరూ మెచ్చుకున్న చేతిని ఆయనొక్కడే, “బరువు చెయ్యిరా నీది,” అని తోసేసేవాడు. పక్షవాతం వచ్చి, చూపు మసకబారి, వృద్ధాశ్రమంలో చేరాక కూడా తోసేశాడు. అదే నర్సు వస్తే పెళ్ళికొడుకులా చుబుకం పైకెత్తుతాడు. ఆ పిల్ల ప్లాస్టిక్ రేజరుతో, వెంట్రుక వాలు చూడకుండా ఎదురుగీత గీస్తుంది. గీరుతుంది. ఆగుతుంది. మళ్ళీ గీరుతుంది. అలా గీసినందుకే ఒకప్పుడు నాన్న అతని మణికట్టు మీద దువ్వెనతో కొట్టాడు. ఆ పిల్లతో మాత్రం, “బాగుంది తల్లీ,” అంటాడు. గుమ్మంలో నిలబడి చూసే కొడుక్కి ఒళ్ళు భగ్గుమనేది. తండ్రి చెంప మీద రక్తపు చుక్క కనిపిస్తే, సిగ్గు విడిచి సంతోషించేవాడు కూడా.

మధ్యాహ్నం దుకాణం మూసి, జేబులో కత్తి పెట్టుకుని ఆశ్రమానికి వెళ్ళాడు. ఎప్పుడూ అలాగే పట్టుకెళ్ళి, అలాగే తెచ్చుకుంటాడు.

నర్సు అప్పుడే పెద్దాయనకి రెండు చెంపలా నురుగు పూసింది. పక్కగదిలో ఎవరో కేకేశారు. “కాస్త కూర్చోండన్నా,” అంటూ రేజరును నీళ్ళగిన్నెలో వేసి పరుగెత్తింది.

తండ్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు. చుబుకం పైకే ఉంది.

వెన్నచెయ్యి జేబులోంచి కత్తి తీశాడు. వాలుకి ఒకే గీత, గాలి తాకినట్టు. తండ్రి నుదురు ముడిపడింది. పనిచేసే చెయ్యి తోసెయ్యడానికి లేచింది.

అతను చప్పున ప్లాస్టిక్ రేజరు అందుకుని ఎదురుగీత గీశాడు. గీరాడు. ఆగాడు. మళ్ళీ గీరాడు. జన్మలో ఎవరికీ అంత చెత్తగా గీయలేదు. లేచిన చెయ్యి మెల్లగా దుప్పటి మీదికి దిగింది.

“బాగుంది తల్లీ,” అన్నాడు తండ్రి. “మావాడికి చెప్పకు. కుళ్ళుకుంటాడు.”

కొడుకు పెదవి కొరుక్కున్నాడు.

“వాడి చెయ్యి అచ్చం నాదే. వాడు గీస్తే నా గడ్డం నేనే గీసుకున్నట్టుంటుంది. ఏం సుఖం చెప్పు?”

జవాబిస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని ఇంకాస్త గీరాడు.

ఒక చెంప పూర్తయింది. రేజరు కడగడానికి వంగి లేచేసరికి తండ్రి చుబుకం ఛాతీ మీదికి వాలి ఉంది. నిద్రపోయాడనుకున్నాడు. తన చేతిలో నిద్రపోవడం మామూలే కదా.

నర్సు వచ్చి మణికట్టు పట్టుకుని చూసింది. మెడ దగ్గర చూసింది.

“వెళ్ళిపోయారన్నా,” అంది. రెండో చెంప మీద ఆరుతున్న నురుగు చూసి, “నేను పూర్తి చెయ్యనా? నా చేతికి అలవాటుపడ్డారు కదా,” అంది.

అతనికి మళ్ళీ సన్నగా మండింది.

“ఆ చెంప నీది. ఇది నాదమ్మా.”

తండ్రి చుబుకాన్ని వేళ్ళతో ఎత్తి పట్టుకుని కత్తి ఆనించాడు. వాలుకి, గాలి తాకినట్టు. ఈసారి ఏ చెయ్యీ లేవలేదు.

స్టూలు మీది గిన్నెలో నర్సు రేజరు తేలుతోంది, బ్లేడు సందుల్లో అతను ఎదురుగీత గీసిన తెల్లని వెంట్రుకలతో.