మాంసం కొట్టు నాన్న, మాంసం లేని టాకోలు

మాంసం కొట్టు నడిపే ఆయన ఆదివారం పెందలాడే కొట్టు కట్టేసి వంటింట్లో దూరడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. కానీ పద్నాలుగేళ్ల కూతురు మాంసం మానేసి మూడు నెలలైంది. మానేస్తే మానేసింది, ఆయనతో కలిసి కూర్చుని తినడం కూడా మానేసింది. పళ్లెం పట్టుకుని గదిలోకి పోతోంది. మొక్కజొన్న రొట్టె మడతలో కూర నింపుకుని తినే టాకోలంటే ఆ పిల్లకి ప్రాణం. అందుకే మాంసం లేకుండా ఆ కూర చేసి చూపిస్తానని భార్య ముందు గొప్పలు పోయాడు.

మొదట సన్న మీల్‌మేకర్ నానబెట్టి అలాగే మూకుట్లో వేశాడు. అది కాస్తా తడిసిన అట్టలా ముద్దయి కూర్చుంది. కారం వేశాడు. ఇంకాస్త కారం వేశాడు. రుచి చూసి చెత్తబుట్టలో పారబోశాడు.

"నీళ్లు గట్టిగా పిండాలి కదండీ!" అంది భార్య గుమ్మంలోంచి.

"ఇప్పుడా చెప్పేది?"

"నన్ను లోపలికి రానిస్తే కదా చెప్పడానికి!"

రెండోసారి పుట్టగొడుగులు. తరగడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు, చిటికెలో కైమాలా కొట్టేశాడు. తీరా ఉప్పేసి మూత పెట్టేసరికి గిన్నెడు నీరూరింది. ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఏ ముక్క ఎలా వండాలో వీధి జనానికి చెప్పే మనిషి, గుప్పెడు పుట్టగొడుగుల ముందు తెల్లమొహం వేశాడు. మూత విసిరికొట్టి, మంట పెంచి, పళ్లు కొరుకుతూ నీరంతా ఇగిరేదాకా కలుపుతూనే ఉన్నాడు. ఆ మొండితనమే మేలు చేసింది. ముక్కలు ఎర్రగా వేగాయి. ఉల్లి, వెల్లుల్లి, టమాటా, నలగ్గొట్టిన వాల్‌నట్లు, జీలకర్ర పొడి పడ్డాక వాసనే మారిపోయింది. నాలుక మీద వేసుకుని చూశాడు. కుదిరింది!

వాసనకి కూతురు వచ్చింది. రొట్టె చేతిలోకి తీసుకుని ఆగింది.

"నాన్నా, దేంతో తరిగావ్?"

ఇంట్లో కత్తి మొద్దుగా ఉందని కొట్టు కత్తే తెచ్చుకున్నాడు. 'వంటింటి కత్తితోనే' అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"కొట్టు కత్తితో," అన్నాడు. "వేణ్నీళ్లతో రెండుసార్లు కడిగానమ్మా."

"అయితే నాకొద్దు."

"మూడు గంటల్నుంచి నిలబడి చస్తున్నానే! ఎవరి కోసమనుకున్నావ్?"

"చెయ్యమని నేనడిగానా?"

గరిటె గట్టు మీద ఠంగున పడేసి, కుర్చీ లాక్కుని, తనే తినడం మొదలుపెట్టాడు. కోపానికి రుచే తెలియలేదు. పిల్ల మాత్రం గదిలోకి పోలేదు. ఉత్త రొట్టెలో పెరుగూ, డబ్బాలోని మొక్కజొన్న గింజలూ వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"అబద్ధం చెప్తావనుకున్నా," అంది నెమ్మదిగా.

"చెప్పాల్సింది," అన్నాడు కసిగా.

పిల్లకి నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"రేపు వేరే కత్తి కొందాం. పుట్టగొడుగులు నేను తరుగుతా."

"నువ్వు తరిగితే ఒక్కో ముక్క పిడికెడుంటుంది."

"ఉంటే ఉండనీ."

మళ్లీ మూడు గంటలా అనుకుని ఆయన గట్టిగా నిట్టూర్చి, ఇంకో రొట్టె అందుకున్నాడు.