పొట్టి వరస గెలిచింది

పొట్టి వరసే గెలిచిందన్నాడు ఎన్నికల అధికారి.

పట్టపగలు, స్కూలు మైదానంలో, మేమంతా చూస్తుండగానే. ఓటుపెట్టెలు తీసేసి, నచ్చినవాడి ఫొటో వెనక వరసగా నిలబడమన్న ఏడాది అది. మా కెన్యా పల్లెలన్నీ సంబరపడ్డాయి. కాగితాన్ని మాయం చెయ్యొచ్చు గానీ నిలబడ్డ మనిషిని ఏం చేస్తారులే అనుకున్నాం. అదీ మా తెలివి.

కరీథి మాస్టారి ఫొటో వెనక మా వరస గేటు దాటి, తేయాకు తోట గట్టు దిగి, గుట్ట మలుపుదాకా పోయింది. ఎంపీ గచోకా ఫొటో వెనక అతని మేస్త్రీలు, మా ఊళ్లో సర్కారు పెట్టిన పెద్ద చీఫ్, చీఫ్ బావమరుదులు. ఒక్క చెట్టు నీడ సరిపోయింది వాళ్లకి. మా ఊటకు కంచె వేసి, నీళ్లు తన ఫ్యాక్టరీకి మళ్లించుకున్నాడు గచోకా. మాస్టారు గెలిస్తే కంచె పోతుంది. అంతే మా రాజకీయం.

"సారూ, ఇంకోపారి చూడు," అంది న్యవీర అవ్వ. దూరం నుంచి నీళ్ల డబ్బాను నుదుటికి పట్టీ తగిలించి వీపున మోసీ మోసీ ఆమె నుదుటి మీద పట్టీ అచ్చు గుంటపడింది. "మసకలు నా కండ్లకా, నీ కండ్లకా?"

"చూసిన అవ్వా. ఇంటికి పో."

"తోక సూపెట్టి ఏనుగంటున్నవ్. తొండమేది నాయనా?"

జనం నవ్వారు. నవ్వొక్కటే మిగిలింది మా దగ్గర.

"నోర్ముయ్ ముసలీ! సంతకాలైపోయినయ్," అన్నాడు చీఫ్.

మాస్టారు ముందుకొచ్చాడు. "మీరు లెక్కే పెట్టలేదు. పెట్టండి."

పోలీసులు చొక్కా పట్టుకుని లారీలోకి తోశారు. ఆయన చెప్పొకటి దుమ్ములో ఉండిపోయింది. మేం చూస్తూ నిలబడ్డాం. ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోవాల్సిన మనిషినే కదా ఎన్నుకోవడానికొచ్చాం! గచోకా కారు అప్పటికే నైరోబీ దారి పట్టింది.

"పోండిక! వరసల నిలబడ్డోడు లారీ ఎక్కుతడు!" అధికారి అరిచాడు.

కొందరు జారుకున్నారు. నా కాళ్లూ గేటువైపే లాగాయి.

న్యవీర అవ్వ లారీ దగ్గరికి నడిచి చెయ్యి చాపింది. "ఎక్కియ్యి బిడ్డా, మోకాళ్లు పనిచెయ్యవు."

పోలీసు తెల్లబోయి చెయ్యందించాడు. ఆమె వెనక కోడలు. కోడలి వెనక తేయాకు కోసేవాళ్లు, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి. నేనూ. ఎవరమూ నినాదమివ్వలేదు.

లారీ నిండింది. తలుపు పడలేదు. వరస మాత్రం ఇంకా గేటు బయటిదాకా ఉంది. ఇంకో లారీ పంపమని వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు అధికారి. ఎంతమందని అడుగుతున్నారు అవతల.

"సరిగ్గ చెప్పు సారూ," లోపల్నుంచి అవ్వ కేకేసింది. "నిలబడి పోవుడు నాతోటి కాదు!"

అధికారి మా వైపు తిరిగాడు. వేలు చాపి, ఒకటి నుంచి మొదలుపెట్టాడు.